దూరదేశ యాత్ర - దేహమునకు గడువు

ఏలూరునకు ఉత్తరముగా పండ్రెండు కిలోమీటర్ల దూరమున పెదవేగి యున్నది. నేడది పామాయిలు తోటల నడుమ నున్న పల్లె. శాలంకాయన రాజుల కాలమున అదియే వేంగీపురము. అనంతరము తూర్పు చాళుక్యులకును కొంతకాలము రాజధాని. క్రీస్తుశకము 640 ప్రాంతమున చైనా బౌద్ధయాత్రికుడు హ్యుయన్‌త్సాంగ్ ఆంధ్రదేశమునకు వచ్చి, దాని ముఖ్యపట్టణమును ‘పింగ్-కి-లో’ అని పేర్కొనెను. అది వేంగియే యని చరిత్రకారులు పలువురు భావించిరి. ఇచటి నేల సారవంతమైనదనియు, ఉష్ణము అధికమనియు ఆయన వ్రాసెను. వేసవిలో ఏలూరు చూచినవారెవ్వరును ఈ రెండవ మాటను కాదనలేరు.

ఆయన పాండిత్యమును గూర్చి మన పాఠ్యపుస్తకములు చెప్పును. ఆయన దేహము పడిన పాట్లను గూర్చి అంతగా చెప్పవు. నేటి ప్రసంగమునకు ఆ పాట్లే కావలెను. 629 ప్రాంతమున స్వదేశము విడిచిన కొలదికాలమునకే ఎడారిలో నీటితిత్తి చేజారి ఒలికిపోయెను. నాలుగు రాత్రులు, అయిదు పగళ్లు చుక్క నీరు లేక గడపెనని శిష్యుడు వ్రాసిన జీవితచరిత్ర చెప్పుచున్నది. పిదప మంచుకొండలు దాటుటకు ఏడు దినములు పట్టెను. అచట తోడివారిలో పదింట ముగ్గురు నలుగురు చలిచేతను ఆకలిచేతను మరణించిరి. ఆయన బ్రదికెను గాని ఆ కొండలలో పట్టుకొన్న చలిరోగము ఆయనను విడువలేదు. 645లో స్వదేశము చేరిన పిదప గూడ అది తిరుగబెట్టుచుండెను. 656లో మిక్కిలి ముదిరినపుడు చక్రవర్తి తన ఆస్థాన వైద్యులను పంపవలసివచ్చెను. దారిలో ఆయనను దొంగలును పట్టుకొనిరి; వారు విడిచిపెట్టిరి.

అయినను ఆయనకొక సౌకర్యముండెను. అది మనకు లేదు. చైనానుండి వేంగికి వచ్చుటకు ఆయనకు ఇంచుమించు పదియేండ్లు పట్టెను. దారిలో ఒక్కొక్క దేశపు ఎండయు, నీరును, ఆహారమును ఆయన దేహమునకు మెల్లగా పరిచయమయ్యెను. నేడు పెదవేగి యువకుడొకడు ఉదయమున గన్నవరము పోయి విమానమెక్కినచో మరునాటికి ఖాట్మండులోనో నైరోబీలోనో ఉండును. సామాను వెంట చేరును, మనస్సు వానికంటె ముందే చేరును. దేహము మాత్రము ఇంకను గోదావరి మండలముననే యుండును. అది కొత్తచోటికి వచ్చి చేరుటకు కొంత గడువు కావలెను. నా మనవి యంతయు ఈ గడువును గూర్చియే.

పర్వతములతో మొదలుపెట్టెదను, ఏలయన మనవారిలో ఆ ఉత్సాహము హెచ్చినది. తెలంగాణకు చెందిన మాలావత్ పూర్ణ పదునాలుగేండ్లయినను నిండకమునుపే 2014 మే 25న ఎవరెస్టు శిఖరమెక్కెను. ఆమెతోపాటు ఆనందకుమార్ కూడ ఎక్కెను. నాటినుండి కిలిమంజారో, ఎవరెస్టు దిగువ శిబిరము, కైలాస మానససరోవరము అనుమాటలు మన మధ్యతరగతి ఇండ్లలో కూడ వినవచ్చుచున్నవి. ఇది సంతోషింపదగినదే. కాని ఆ పిల్లలిరువురును భువనగిరి కొండపైనను, పిదప డార్జిలింగులోను, లడఖ్‌లోను నెలల తరబడి శిక్షణ పొందిరను సంగతిని వార్త చదివినవారు మరచిపోవుదురు.

మన కొల్లేటి ప్రాంతము సముద్రమట్టమునకు కొలది మీటర్ల ఎత్తున నున్నది. ఎవరెస్టు దిగువ శిబిరము 5,364 మీటర్లు. కిలిమంజారో శిఖరము 5,895 మీటర్లు. సుమారు 5,500 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరమున నుండు దానిలో సగమే. అనగా మనము పీల్చు ప్రతి శ్వాసలోను ప్రాణవాయువు సగమే చేరును. దీనిని సరిదిద్దుకొనుటకు దేహము మొదట శ్వాసవేగమును పెంచును. అందుచే రక్తములో క్షారగుణము హెచ్చును. దానిని మూత్రపిండములు కొన్ని దినములలో విసర్జించును. రక్తకణములు వృద్ధియగుటకు వారములు పట్టును. ఈ పనులలో ఏ యొక్కటియు మన పట్టుదల చూచి త్వరపడదు. కండబలము, వ్యాయామము, యౌవనము ఇచట రక్షణ కావు. బలవంతుడు వేగముగా ఎక్కగలడు కనుక అతడే ముందుగా జబ్బుపడుట తరచుగా జరుగుచుండును.

అందుచే నియమమిది. మూడువేల మీటర్లు దాటిన పిదప, రాత్రి పండుకొను చోటు ముందటి రాత్రికంటె అయిదువందల మీటర్లకు మించి ఎత్తున నుండరాదు. మూడు నాలుగు దినములకొకసారి ఎక్కుట మాని విశ్రమింపవలెను. పగలు కొంత ఎత్తునకు పోయి రాత్రికి క్రిందికి దిగివచ్చుట మేలే. ఎత్తు చేరిన కొన్ని గంటలకు తలనొప్పి, వికారము, ఆకలి మందగించుట, నిద్రపట్టకపోవుట కనబడినచో అది కొండజబ్బని తలంపవలెను. ‘తిండి పడలేదు’, ‘ఎండ తగిలినది’ అని సమాధానము చెప్పుకొనరాదు. అచటనే ఆగవలెను. తగ్గనిచో దిగవలెను. త్రాగినవానివలె అడుగు తడబడినను, మాట తారుమారైనను మెదడునకు వాపు వచ్చినదని గ్రహింపవలెను. కూర్చున్నను ఆయాసము తగ్గక దగ్గు వచ్చుచున్నచో ఊపిరితిత్తులలో నీరు చేరినదని తలంపవలెను. అర్ధరాత్రియైనను సరే, క్రిందికి దింపవలెను. అసిటజోలమైడు అను మాత్ర వైద్యుని సలహాపై వాడదగినదే. కాని అది దిగుటకు బదులు కాదు. ఇంతటి ధనము వెచ్చించి వచ్చి శిఖరము చూడక పోవుటయా యను విచారము యాత్రికునికి ఉండును. ఐదు దినములలో శిఖరము చూపి తిరిగి తెచ్చెదమని ప్రకటించు వారిని చూచినప్పుడు మాత్రము, ధర తక్కువకు కారణము అడుగవలెను. చాలచోట్ల వారు మిగిల్చినది మన గడువే.

ఇక తోడు సంగతి. 7వ శతాబ్ది చివర సముద్రమార్గమున వచ్చిన మరియొక చైనా భిక్షువు ఇత్సింగ్. ఆయన నలందవైపు పోవుచు ఋతుదోషమువలన జబ్బుపడి, వర్తకుల సమూహముతో నడువలేక వెనుకబడెను. ఒంటరియైన వెంటనే దొంగలు వచ్చి కట్టుబట్టలు కూడ దోచుకొనిరి. నేటికిని కొండదారిలో జబ్బుపడినవానిని ‘నీవు మెల్లగా రమ్ము’ అని విడిచిపోవుట అత్యంత ప్రమాదకరము. ప్రాణవాయువు తగ్గిన మెదడు తన స్థితిని తాను తెలిసికొనలేదు. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండముల అత్యున్నత శిఖరములను 172 దినములలో ఎక్కిన మహా సాహసి. అంతటి అనుభవశాలి 2015 మార్చిలో ఆండీస్ పర్వతములందు ఒంటరిగా ఎక్కుచు మరణించెను.

ఈ ఇత్సింగే భిక్షువుల నీటి నియమములను సవిస్తరముగా వ్రాసెను. త్రాగునీటికొక కుండ, కడుగుకొనుటకు వేరొక కుండ. నీటిని ప్రతి ఉదయమున పరీక్షించి వస్త్రమున వడకట్టుట. వడకట్టుట నీటిలోని పురుగుల ప్రాణము కాపాడుటకు గాని భిక్షువు కడుపును కాపాడుటకు గాదు. అయినను మేలు రెంటికిని కలిగినది. పాతచీరను నాలుగైదు మడతలు పెట్టి నీరు వడకట్టిన బంగ్లాదేశ్ గ్రామములలో కలరా దాదాపు సగము తగ్గినదని 2003లో వెలువడిన పరిశోధన తెలిపినది. సగము తగ్గుట గ్రామమునకు గొప్ప, యాత్రికునికి చాలదు. అతడు నీటిని తెర్లకాచి త్రాగవలెను. మంచుముక్కలు, పచ్చికూరల ముక్కలు, కోసియుంచిన పండ్లు కూడ ఆ నీటి కోవలోనివే. నీరు తేటగా కనబడుటకును మంచినీరగుటకును సంబంధము లేదని కొల్లేటి లంకలవారికి ఎవరును చెప్పనక్కరలేదు. విరేచనములు పట్టుకొన్నచో లీటరు కాచిన నీటిలో ఆరు చెమ్చాల పంచదార, అర చెమ్చా ఉప్పు, రెంటిని తలగొట్టి కొలిచి కలిపి మాటిమాటికి త్రాగవలెను. రక్తము పడినను, జ్వరము తోడైనను వైద్యుని చూడవలెను.

ఎడారి యాత్రలకును గల్ఫు దేశముల పనికిని పోవువారు ‘మాకు ఎండ కొత్తయా’ అందురు. ఇంటిలో చల్లని గదిలో నున్నవానికి ఎండ కొత్తయే. చెమట త్వరగా పట్టుట, ఆ చెమటలో ఉప్పు తగ్గుట మొదలగు మార్పులు దేహమున కలుగుటకు ఒకటి రెండు వారములు పట్టును. మొదటివారమున శ్రమను కొద్దికొద్దిగా పెంచవలెను.

అలవాటులేని దేహము అదే రోగమును వేరువిధముగా అనుభవించును. రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ దీవులకు వచ్చిన అమెరికను సైనికులలో అనేకులకు బోదకాలు క్రిమి సోకి, కొలది నెలలకే జ్వరములు, వాపులు వచ్చెను. ఆ దీవులవారిలో అనేకులు అదే క్రిమిని ఏండ్ల తరబడి పైకి తెలియకయే మోయుచుండిరి. ఆ వ్యాధికి మందు వెదకిన బృందమునకు నాయకుడు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. 1947 నాటికి ఆయన బృందము కనుగొన్న డైఇథైల్‌కార్బమజీను నేటికిని బోదకాలు నివారణకు మన జిల్లాలో ఇంటింట పంచిన మాత్రయే. ఆయన సోదరులు స్ప్రూ అను గ్రహణి వ్యాధిచే మరణించిరి. ఆ వ్యాధికి పనికివచ్చు ఫోలిక్ ఆమ్లమును 1945లో కృత్రిమముగా తయారుచేసినదియు ఆయన బృందమే.

సైనికులకు జరిగినది మన ఇండ్లలోనే మరియొక రీతిగా జరుగుచున్నది. అమెరికాలోనో లండనులోనో పుట్టిన మనుమలు సెలవులకు తాతగారి ఊరు వత్తురు. వారు మన బిడ్డలే. కాని వారి దేహములకు ఇది పరదేశము. ఆ దేశములలో కనబడు టైఫాయిడ్ జ్వరములలో అధికభాగము ప్రయాణమున సోకినదే, అందును దక్షిణాసియాకు వచ్చి పోయినవారివే ఎక్కువ. ‘మా ఊరి నీరు మా పిల్లలకేమి చేయును’ అను అభిమానమును కొంచెము ప్రక్కన పెట్టి, వారు బయలుదేరుటకు రెండు వారములకు తక్కువ గాకుండ టైఫాయిడ్ టీకా వేయింపుడని కుమారునికి ఫోను చేయుట మంచిది. పసిబిడ్డలకును పనికివచ్చు అట్టి టీకా హైదరాబాదు భారత్ బయోటెక్‌లోనే తయారగుచున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని 2017లో ఆమోదించినది.

టీకాల విషయమున గడువు తేదీలతో సహా లెక్కింపవలసినది. ఆఫ్రికా, దక్షిణ అమెరికాలలో పచ్చజ్వరము కలదు. మనదేశమున అది లేదు గాని దానిని వ్యాపింపజేయగల దోమ మాత్రము మన పెరటి తొట్లలోనే యున్నది. కనుకనే కెన్యా, ఇథియోపియా, ఉగాండా మొదలగు దేశములనుండి వచ్చువారిని టీకా సర్టిఫికెటు అడుగుదురు. లేనిచో ఆరు దినములవరకు విడిగా ఉంచవచ్చును. టీకా వేసికొన్న పది దినములకు గాని ఆ సర్టిఫికెటు చెల్లదు. 2016 జూలైనుండి అది యావజ్జీవము చెల్లును. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ వంటి నిర్ణీత కేంద్రములలోనే దీనిని వేయుదురు. అరువదేండ్లు దాటినవారు, గర్భిణులు, కోడిగ్రుడ్డు పడనివారు ముందుగా వైద్యునితో మాటాడవలెను. టిక్కెట్టు కొన్ననాడే వైద్యుని కలిసికొనుట ఉత్తమము. ఆరు వారముల వ్యవధి యున్నచో అన్నియు సక్రమముగా జరుగును. కుక్కకాని కోతికాని కరచినచో గాయమును సబ్బుతో పదునైదు నిమిషములు ధారగా కడిగి, ఆనాడే టీకాకు పోవలెను. యాత్ర ముగియువరకు ఆగరాదు.

మలేరియా సంగతి చెప్పి విరమించెదను. ఆ వ్యాధిని దోమ మోయునని రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న కనుగొనెను. మలేరియా గల దేశమునకు పోవువారు దోమతెరతోపాటు వైద్యుడు వ్రాసిన నివారణ మాత్రలను వాడవలెను. వానిలో కొన్నిటిని తిరిగివచ్చిన పిదప నాలుగు వారములు మ్రింగవలసియుండును. ఇంటికి వచ్చితిమి గదా యని మానివేయుదురు. క్రిమి మాత్రము కాలేయమున ఇంకను ఉండవచ్చును. ఆఫ్రికా మలేరియా సాధారణముగా కుట్టిన వారమునుండి నెలలోపల పైకి వచ్చును. ఒక్కొక్కప్పుడు ఇంకను ఆలస్యమగును. అప్పటికి ఫొటోలు అందరికిని చూపి, విశేషములు చెప్పి, యాత్ర సంగతి మరచియుందుము. ఏలూరులో వైద్యుడు అది డెంగీయో, వైరసు జ్వరమో యని అనుకొనుట సహజము. కనుక యాత్ర ముగిసిన మూడు నెలలలోపల ఏ జ్వరము వచ్చినను, తలుపు దాటి లోపలికి పోగానే, నాడి చూపకముందే, ఏ దేశమున ఏ ఊళ్లలో ఎన్ని రాత్రులు గడపినదియు వైద్యునికి చెప్పవలెను. రక్తపరీక్ష ఆనాడే చేయుమని అడుగవలెను.