బీదల పేర్లు ఎక్కడ దొరుకుతాయి?



మత్తయి మొదటి అధ్యాయం రాగానే మనలో చాలామంది పేజీ తిప్పేస్తాం, అవునా? ఇవాళ అలాంటి పేర్ల పుస్తకాల గురించే మాట్లాడతాను.

1538లో ఎనిమిదవ హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఇంగ్లాండులోని ప్రతి పారిష్‌కూ ఆజ్ఞ పంపాడు. బాప్తిస్మాలు, పెండ్లిళ్లు, సమాధి కార్యక్రమాలు వారంవారం రాయాలి, పుస్తకాన్ని రెండు తాళాల పెట్టెలో ఉంచాలి. ఇదంతా పన్ను కోసమేనని జనం గొణిగారు. వాళ్ల భయం ఉత్తది కాదు. 1783లో ఒక్కొక్క నమోదుకు మూడు పెన్నీల పన్ను వచ్చింది, బీదలకు మాత్రం మినహాయింపు. దాంతో కాస్త కలిగినవాళ్లు కూడా ‘బీదలు’గా ఎక్కారు! 1794లో ఆ పన్ను పోయింది. ఆ పదకొండేళ్లలో పేరు పక్కన ఆ మాట కనబడితే వెంటనే నమ్మకండి.

1837లో ప్రభుత్వ నమోదు మొదలయ్యేదాకా పల్లెటూరి కూలివాని పేరుకు ముఖ్య ఆధారం ఈ పుస్తకమే. కానీ పెండ్లికాని తల్లి బిడ్డను తెస్తే? చాలాచోట్ల తండ్రి పేరు లేదు, బిడ్డ పక్కన ‘అక్రమ సంతానం’ అనే ముద్ర మాత్రం ఉంది. బాప్తిస్మం ఇచ్చిన చేత్తోనే ఆ మాటా రాశారు. పాస్టరుగా అది నన్ను కుదిపేస్తుంది.

మరి తండ్రి? పారిష్ పెట్టెలోనే ఇంకో కట్ట ఉండేది. బిడ్డ పోషణ ఖర్చు ఊరిమీద పడకూడదని అధికారులు తల్లిని ప్రశ్నించి, అతని చేత పూచీపత్రం రాయించుకున్నవి. ఇవాళ మునిమనుమలకు ఆ పేరు చాలాసార్లు దొరికేది ఆ డబ్బు కాగితాల్లోనే.