లక్క గాజు చెప్పే చదువు పాఠం

ఇవాళ చార్మినార్ పక్కనే, లాడ్ బజార్‌లో ఉన్నాం. నా చేతిలో ఉన్నది లక్క గాజు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ ట్యాగ్ వచ్చింది, మీకు తెలిసే ఉంటుంది. కానీ ఈ లక్క ఎక్కడిదో తెలుసా? అడవిది.

మోదుగ, రేగు లాంటి చెట్ల లేత కొమ్మల మీద ఒక చిన్న పురుగు కుదురుకుంటుంది. రసం పీలుస్తూ తన చుట్టూ లక్క కట్టుకుంటుంది. కొమ్మ ఎండితే పురుగు బతకదు. చెట్టు బాగున్నా, రైతు లక్క మొత్తం గీకేస్తే మళ్లీ పంట రాదు. అందుకే కొంత విత్తన లక్కగా ఉంచి, కొత్త కొమ్మలకు కడతారు. అంటే పురుగు, చెట్టు, వాతావరణం, రైతు, అన్నీ కలిస్తేనే లక్క.

మరి చదువు సంగతి? పిల్లాడు వెనకబడితే "వీడికి బుర్ర లేదు" అంటాం, లేదంటే "ఆ స్కూల్ బాలేదు" అంటాం. అంటే పురుగునో చెట్టునో తిట్టి వదిలేస్తున్నాం. అడవిని చూడట్లేదు! యూరీ బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ అనే సైకాలజిస్ట్ 1979లో తన పుస్తకంలో ఇదే చెప్పాడు. పిల్లల చుట్టూ ఇల్లు, బడి, వాటి మధ్య సంబంధం, అమ్మానాన్నల పని, దేశంలోని చట్టాలు, ఇవన్నీ ఒకదాని చుట్టూ ఒకటి ఉంటాయట.

ఇక్కడి ఉదాహరణే చూడండి. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత చదువు హక్కు 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అయినా 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు రెండు వందలకు పైగా పిల్లల్ని విడిపించారు. ఎక్కువమంది బీహార్ పిల్లలు. చట్టం ఉంది, ఊళ్లో బడి ఉంది. కానీ ఇంట్లో పేదరికం, మధ్యలో దళారి, ఇక్కడ చవక కూలీ కావాలనే యజమాని. ఒక్క బడి కట్టేస్తే ఈ గొలుసు తెగుతుందా? చిన్నపిల్లల్ని పనిలో పెట్టడం అంటే విత్తన లక్కని గీకేయడమే.

అలాగని ఈ పనితనం చదువు కాదని కాదు. నిప్పు సెగకి లక్కని మెత్తబరచడం, చల్లారేలోపు రాళ్లు పొదగడం, ఇదంతా పెద్దవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకునే విద్యే. కానీ బడిని మింగేసే పని వేరు, బడి పక్కనే పెరిగే విద్య వేరు.

ఒక్క తేడా మాత్రం గుర్తుపెట్టుకోండి. అడవిలో వందల పురుగులు పుట్టి, చాలా చచ్చిపోతాయి. ప్రకృతి లెక్కపెట్టదు. పిల్లల విషయంలో మనం "అది సహజమేలే" అనలేం. ఒక్కొక్కరినీ లెక్కపెట్టాల్సిందే.

సో ఫ్రెండ్స్, ఈసారి గాజులు కొనేటప్పుడు బేరం తప్పకుండా ఆడండి, కానీ "ఎవరు చేశారు భాయ్?" అని కూడా అడగండి. మీ చదువు నిలబడటానికి బడి కాకుండా ఇంకెవరు కారణమో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం!