లినక్సునకు తెలుగు పుస్తకములు



మా పద్మనాభము కొండమెట్లమీద దీపోత్సవము జరుగునాడు ఎవరి ప్రమిద వారు తెచ్చుకొందురు, ఎవరి నూనె వారు పోయుదురు. కూలి యడుగువాడు లేడు. కంప్యూటరుల లోకమునందును ఇట్టి పని యొకటి జరుగుచున్నది. దానిని గూర్చి నాకు తెలిసినంత విన్నవించెదను.

కంప్యూటరును మేలుకొలిపి, తక్కిన పనులన్నిటిని దానిచే చేయించు మూలపుటేర్పాటునకు ఆపరేటింగ్ సిస్టమని పేరు. తఱచుగా ఇది వెల యిచ్చి కొనవలసినది. కొన్నను దాని లోపలి వ్రాత మనకు చూపరు. ఈ పద్ధతి తగదని 1983లో అమెరికా దేశస్థుడగు రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అను ప్రయత్నమును ప్రకటించెను. 1991లో ఫిన్లండునందలి లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి లినక్స్ కెర్నెలును, అనగా ఆ యేర్పాటునకు గుండెకాయవంటి భాగమును, వ్రాసి లోకమునకు విడిచెను. ఈ రెండును గలిసిన దానిని ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, ప్రతులు తీసి పంచవచ్చును.

అయినను వస్తువు చేతికందినంతనే వాడుక తెలియునా? వైద్యుడు మందిచ్చి అనుపానము చెప్పక పోయినట్లుండును. ఆ కొఱత తీర్చుటకు 1992లో లినక్స్ డాక్యుమెంటేషన్ ప్రాజెక్టు అను పేర కొందఱు ప్రతిఫలము కోరక పుస్తకములు వ్రాయ మొదలిడిరి. 2000 సంవత్సరమున ఇట్టి పుస్తకముల కొఱకే గ్నూ వారు ఒక అనుమతిపత్రమును వెలువరించిరి. దాని ప్రకారము పుస్తకమును ఎవరైనను దిద్ది మరల ప్రకటింపవచ్చును. కాని దిద్దినవాడు తన పేరును, సంవత్సరమును అందు చేర్పవలెను. మన ప్రాచీన లేఖకులు ఈ నియమమును పాటించియుండినచో ప్రక్షిప్త పద్యములకై పండితులు ఇన్ని యేండ్లు పోరాడవలసిన పని లేకపోయెడిది!

తెలుగువారికి ఈ త్రోవ క్రొత్తది కాదు. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి శాస్త్రములను తెలుగులో వ్రాయించిరి. 2005లో హైదరాబాదున వెలసిన స్వేచ్ఛ అను సంస్థవారు కంప్యూటరు తెరమీది మాటలనే తెనిగింప బూనిరి.

నేనును ఈ పనిలో వ్రేలు పెట్టితిని. నా పూర్వశిష్యుడొకడు విశాఖపట్టణమున ఉద్యోగము చేయుచు, ఉబుంటు అను లినక్సు రకమును మా యూరి పిల్లలకు నేర్పుటకై సెలవుదినములలో చిన్న పుస్తకము వ్రాసి, "మాస్టారూ, భాష కాస్త చూసిపెట్టండి" అని తెచ్చెను. నలువది యేండ్లు తప్పులు దిద్దిన చేయి యూరకుండునా?

ఉబుంటును ఎక్కించునపుడు తెరమీద ఒక ప్రశ్న వచ్చును: పాతదానిని ఉంచి ప్రక్కనే ఎక్కింపవలెనా, డిస్కునంతయు చెరిపి ఎక్కింపవలెనా అని. రెండవదానికి అతడు "డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది" అని వ్రాసియుండెను. ఆ వాక్యము నాకు మోటుగా తోచి "డిస్కు పరిశుద్ధమగును" అని మార్చితిని. పదవ తరగతి బాలుడొకడు ఆ పుట చదివి, ఇల్లూడ్చినట్లు చెత్తమాత్రమే పోవుననుకొని, ఆ దారినే ఎక్కించెను. తల్లిదండ్రుల పెండ్లినాటి ఫొటోలు, తండ్రి దుకాణపు పద్దులు సమస్తమును పోయినవి. వేఱొకచోట నకలు లేదు. ఆ తండ్రి మా యింటికి వచ్చి నన్ను నిందింపలేదు. "పరిశుద్ధం అంటే పోవడమని మావాడికి తెలీదు మాస్టారూ" అని మాత్రమనెను.

ఆ రాత్రియే శిష్యుని వాక్యమును యథాతథముగా నిలిపి, దానిని పుట మొగమున పెద్ద యక్షరములతో వేయించితిమి. పిదప ఎనిమిదవ తరగతి బాలికచే పుస్తకమంతయు చదివించి, ఆమె ఆగినచోట నెల్ల మాట మార్చితిమి. దస్త్రమనగా ఆమె తాలూకా కచేరీ కాగితములనుకొనెను, ఫైలనగా ఆగలేదు. సంకేతపదము పోయి పాస్‌వర్డు వచ్చెను. వాడుకరి అను మాటమాత్రము ఆమెకు నచ్చినది, ఉంచితిమి. గ్రాంథికమునకు నేను శత్రువును గాను. ఈ ప్రసంగమే సాక్షి.

ఉబుంటువారు ఆఱు నెలలకొకసారి, ఏప్రిలునందును అక్టోబరునందును, క్రొత్త కూర్పు వెలువరింతురు. తెర మాఱును, మా పుస్తకములోని బొమ్మ మాఱదు. కావున పని తెమలుట లేదు. ఈ ఆదివారము నలుగురు పిల్లలను కూర్చుండబెట్టి సవరించిన ప్రతిని చదివింపనున్నాము. మొదటి పుటలో దిద్దినవారి పట్టిక యున్నది. 'పరిశుద్ధము' అను మాట చేర్చినదెవరో, తీసివేసినదెవరో అందు సంవత్సరముతో సహా కనబడును.