వంకర వేలు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దుటి నుంచి నా చెయ్యి పట్టుకున్న ప్రతివాళ్లూ ఒకటే అడుగుతున్నారు, "ఈ ఉంగరం వేలేమైందిరా?" అని. లెక్కల మాస్టారైతే తిప్పి చూసి, "అర్ధవృత్తం బాగానే గీశావే" అన్నారు. ఒక్కొక్కరికీ చెప్పేకంటే అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తాను.

నేను 1994లో ఉద్యోగానికి షికాగో వెళ్లాను. మొదటి వేసవిలో ఆఫీసువాళ్లు పార్కుకి రమ్మన్నారు, సాఫ్ట్‌బాల్ ఆడదామని. మన బడి జట్టులో వికెట్ కీపర్ని కదా, ధీమాగానే వెళ్లాను. బంతి చేతిలో పెట్టారు. చుట్టుకొలత 16 అంగుళాలు! మన క్రికెట్ బంతి 9 అంగుళాలే. పంపరపనసకాయంత బంతిని పట్టుకుని "గ్లవ్స్ ఏవీ?" అన్నాను. అందరూ నవ్వారు. ఈ ఆటకి గ్లవ్స్ ఉండవట. ఉత్తచేతులే.

ఈ ఆట పుట్టుక చిత్రంగా ఉంటుంది. 1887లో థాంక్స్‌గివింగ్ పండగ రోజు, షికాగోలోని ఫారగట్ బోట్ క్లబ్బులో కుర్రాళ్లు యేల్, హార్వర్డ్ ఫుట్‌బాల్ పోటీ ఫలితం కోసం ఎదురుచూస్తున్నారు. ఫలితం తెలిసిన సంబరంలో ఒకడు బాక్సింగ్ గ్లవ్ విసిరాడు, ఇంకొకడు దాన్ని కర్రతో కొట్టాడు. జార్జ్ హాంకాక్ అనే ఆయన ఆ గ్లవ్‌ని దాని తాళ్లతోనే బంతిలా చుట్టి, గదిలోనే ఆట మొదలుపెట్టించాడు. గ్లవ్‌నే బంతిగా చేసుకుని మొదలైన ఆట, ఆ ఊళ్లో చివరికి గ్లవ్ వద్దన్న ఆటయింది.

మిగతాచోట్ల సాఫ్ట్‌బాల్ 12 అంగుళాలకి తగ్గి, గ్లవ్స్ తొడుక్కుంది. షికాగో మాత్రం 16 అంగుళాల బంతిని వదల్లేదు. 1930ల ఆర్థికమాంద్యంలో పనుల్లేని జనానికి ఇది బాగా దగ్గరైంది. ఒక బంతి, ఒక బ్యాటు ఉంటే రెండు జట్లూ ఆడుకోవచ్చు. పెద్ద బంతి మరీ దూరం పోదు కనక చిన్న పార్కు, బడి ఆవరణ చాలు. 1977లో నగర పార్కుల్లో గ్లవ్స్ అనుమతిస్తే, మైక్ రోయ్కో అనే పేరున్న పత్రికా రచయిత కోర్టుకెక్కాడు, గెలిచాడు కూడా. గ్లవ్స్ వస్తే చేతులు కాయలు కాసేలా ఆడినవాళ్లకి అన్యాయం జరుగుతుందని ఆయన బాధ.

జట్టుకి పదిమంది. బంతి వెయ్యడం చేతిని కిందనుంచి ఊపి, నిదానంగా. కొత్త బంతి రాయిలా ఉంటుంది. దెబ్బలు తింటూ తింటూ మెత్తబడుతుంది. అందుకని మొదట్లో బలమున్నవాడిది ఆట, చివరికొచ్చేసరికి ఖాళీ చూసి కొట్టేవాడిది. పట్టేటప్పుడు వేళ్లు బంతికి ఎదురు పెట్టకూడదు. రెండు చేతులూ చాచి, బంతి తాకగానే గుండెలకేసి లాక్కోవాలి. నాకు అది తెలియదు. రెండో ఇన్నింగ్సులోనే ఈ వేలు ఇలా అయింది.

ఆ రాత్రి వేలికి ఐసుగడ్డ పెట్టుకుని కూర్చుంటే నాకొకడు గుర్తొచ్చాడు. వాడిప్పుడు ఈ సభలోనే, వేపచెట్టు పక్క వరసలో కూర్చున్నాడు. పేరు చెబితే లేచి వెళ్లిపోతాడు, చెప్పను. మా తరగతిలో కార్కు బంతిని ఉత్తచేతుల్తో పట్టేవాడు. రెండు చేతులూ చాచి గుండెలకేసి లాక్కునేవాడు, అచ్చం షికాగోవాళ్లలాగే. వాడికెవరూ నేర్పలేదు. నొప్పే నేర్పింది.

1982లో పట్నం బడితో పోటీ వచ్చింది. కీపర్‌గా నన్ను తీసుకున్నారు. ఎందుకు? మా మావయ్య మద్రాసు నుంచి తెచ్చిన గ్లవ్స్ నా దగ్గరున్నాయి కాబట్టి. వాటిని వాడికివ్వచ్చని నాకు ఆరోజే తెలుసు. ఇవ్వలేదు. ఇస్తే వాడు ఆడతాడు, నేను బయట కూర్చుంటాను. ఆ పోటీలో మూడు క్యాచ్‌లు వదిలేశాను, ఓడిపోయాం. బస్సులో అందరూ నన్ను తిడుతుంటే, గట్టు మీంచి చూసిన వాడొక్కడే ఏమీ అనలేదు.

ఆటలో గెలుపోటములు పోతాయి. కానీ సామాను ఉన్నవాడిదే స్థానం అనే అన్యాయం పోలేదు. ఇప్పటికీ చాలాచోట్ల సొంత కిట్టున్న పిల్లాడే ముందు నిలబడతాడు. అందుకే మన సంఘానికి నాదొక మనవి. స్వర్ణోత్సవ నిధిలో కొంత ఆటల గదికి ఇద్దాం. గ్లవ్స్, ప్యాడ్లు, బూట్లు, అన్ని సైజుల్లోనూ బడివే ఉండాలి, బడిలోనే ఉండాలి. డ్రిల్లు మాస్టారు ముందు ఆట చూసి జట్టుని ఎంచి, ఆ తరవాతే సామాను గది తాళం తియ్యాలి. నా వంతు ఈరోజే కోశాధికారిగారికి ఇచ్చేశాను.

పెట్టెలో రెండు 16 అంగుళాల బంతులు తెచ్చాను. రేపు పొద్దున ఆరున్నరకి మన గ్రౌండులో ఆడదాం. అరవై దాటిన మోకాళ్లకి కూడా పనికొచ్చే ఆట ఇది. పిల్లల్ని కూడా తీసుకురండి. ఉంగరాలు మాత్రం ఇంట్లో పెట్టి రండి.

ఒరేయ్, వేపచెట్టు పక్కనున్నవాడా, నువ్వు తప్పకుండా రావాలి. నలభై ఏళ్ల కిందట చెప్పాల్సింది ఇప్పుడు చెబుతున్నాను, తప్పు నాదేరా. రేపు నీ వెనక నిలబడి బంతులందిస్తాను. కీపింగ్ నీదే.

సెలవు.