రాయలవారి కొలువులో కానిస్టేబులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పుస్తకముల పండుగలో సినిమా ముచ్చట యేమి యని కొందఱికి తోచవచ్చును. కాని శ్రీకృష్ణదేవరాయల పేరు చెప్పగనే మనలో చాలమంది కన్నులయెదుట నిలుచునది పుస్తకములోని రాయలు కాడు, తెరమీది రాయలే. కావున ఆయనతోనే మొదలు పెట్టుదును.

1991లో విడుదలయైన ‘ఆదిత్య 369’ చిత్రమును చూడనివారు ఈ సభలో తక్కువగా నుందురు. దర్శకులు సింగీతము శ్రీనివాసరావుగారు, సంభాషణలు జంధ్యాలవారివి. కాలములో ముందునకును వెనుకకును పోగల యంత్రము నొక శాస్త్రజ్ఞుడు నిర్మించును. కృష్ణకుమారుడను యువకుడు, హేమ యను యువతి, వారితోపాటు పాపము ఒక పోలీసు కానిస్టేబులు అందులో చిక్కుకొని, 1526వ సంవత్సరమున విజయనగరములో వచ్చి పడుదురు. ఆంగ్ల రచయిత వెల్సు 1895లో వెలువరించిన నవల ఈ యూహకు మూలము. వెల్సు నాయకుడు భవిష్యత్తునకు పోయెనే గాని యే చక్రవర్తిని దర్శింపలేదు. యంత్రము చేతికి చిక్కగనే రాయలవారి కొలువునకు పోవలెనని తోచుట తెలుగువానికే చెల్లినది!

ఇందులో నవ్వు ఎచట పుట్టుచున్నది? రాజును చూచి మనము నవ్వము. సుత్తివేలుగారి కానిస్టేబులును చూచి నవ్వుదుము. తన యుద్యోగపు దర్పము కాసంతయు చెల్లని కాలమున పడిన యుద్యోగి యాతడు. ఈ నేర్పు సింగీతమువారికి ఊరక రాలేదు. వారు మన తాడిపత్రివారైన కె.వి.రెడ్డిగారి శిష్యులు, 1957 నాటి ‘మాయాబజారు’నకు సహాయకులుగా పనిచేసిరి. ద్వాపరయుగమువారిని మన యిరుగుపొరుగువారివలె మాటలాడించిన గురువునకు తగిన శిష్యుడు.

కృష్ణకుమారుడును రాయలును ఒక్కరే, బాలకృష్ణగారు. 1956లో ‘తెనాలి రామకృష్ణ’, 1962లో ‘మహామంత్రి తిమ్మరుసు’ చిత్రములలో వారి తండ్రి రామారావుగారు రాయలవారు. తండ్రియు కుమారుడును ఇద్దఱును హిందూపురమునుండి శాసనసభకు ఎన్నికైనవారే. ఆ వేషమునకును మన సీమకును ఏదో లంకె యున్నట్లున్నది.

ఇక తెనాలి రామకృష్ణుడు. చిత్రమున చంద్రమోహనుగారు ఆ పాత్ర ధరించిరి. ‘పాండురంగ మాహాత్మ్యము’ రచించిన రామకృష్ణకవి రాయల తరువాతి కాలమువాడని పలువురు పండితుల మతము. ఆ కావ్యము విరూరి వేదాద్రిమంత్రికి అంకితము. వారి మాటయే నిజమైనచో, మన కృష్ణకుమారుడు రాయలను కలియుట యెంత యసంభవమో, రామకృష్ణుడు కలియుటయు ఇంచుమించుగా నంతే! అయితే రామకృష్ణునకు యంత్రము అక్కఱ లేకపోయెను. జనుల నాలుకయే యాతనిని కొలువునకు చేర్చినది.

రాయలను నిజముగా కన్నులార చూచి వ్రాసినవాడు కలడు. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు దేశస్థుడు దోమింగో పేస్. ఆతని వ్రాతను స్యూయెల్ దొర ఆంగ్లమున 1900లో ప్రకటించెను. రాయలు నడితరపు ఎత్తువాడట. సన్ననివాడు కాడు, కొంచెము లావే. ముఖమున మశూచి మచ్చలట. తెల్లవారకమున్నే నువ్వులనూనె త్రాగి, మేనికి పూసికొని, మట్టితో చేసిన బరువులెత్తి, ఆ నూనె యంతయు చెమటయై పోవువఱకు కత్తి త్రిప్పి, పిమ్మట మల్లునితో కుస్తీ పట్టి గుఱ్ఱమెక్కునట. నిగనిగలాడు తెరమీది రాయలకన్న ఈ నూనె త్రాగు రాయలే నాకు దగ్గఱివాడుగా తోచుచున్నాడు. ఆ వేకువను మన కానిస్టేబులు ఆయన కెదురుపడినచో హాస్యము మఱింత పండెడిది.

చిత్రకథ యంతయు రాయలనాటి యొక వజ్రముచుట్టు తిరుగును. వానలు పడగనే వజ్రకరూరు చేలలో వజ్రములకై వెదకు మనవారికి అది క్రొత్త సంగతి కాదు.

నన్ను ఆపినది ఆ సంవత్సరము. 1526! నూనిజ్ అను మఱియొక పోర్చుగీసువాని కథనము వినుడు. రాయలు తన చిన్నకుమారునకు పట్టము కట్టెను. అది 1524 ప్రాంతము. ఆ బాలుడు మరణించెను. విషప్రయోగము జరిగినదని శంకించి, తన్ను గద్దె నెక్కించిన సాళువ తిమ్మరుసునే రాయలు చెఱలో పెట్టించి, పిదప కన్నులు తీయించెనని నూనిజ్ వ్రాసెను. అందెంత నిజమో చరిత్రకారులు వాదించుకొనుచున్నారు. తిమ్మరుసు చెఱ యనుభవించినది పెనుకొండ కోటలోనే యని మన పెద్దలు తరతరములుగా చెప్పుచున్నారు.

ఈ కథయే నిజమైనచో, కృష్ణకుమారుడు కొలువులో అడుగుపెట్టిన నాటికి అంతఃపురమున పుత్రశోకము ఆఱలేదు. వృద్ధమంత్రి చెఱలో నున్నాడు. నవ్వించుటకు తీసిన చిత్రమున ఆ యేడుపునకు చోటు లేకుండుట తప్పని నేననను. 2025లో మరల విడుదలయైనప్పుడు చూచిన పిల్లలును ఆ సంతోషముతోనే యింటికి పోయియుందురు. కాని యంత్రమెక్కిన మువ్వురిలో రాజమర్యాద లెఱుగనివాడు, చెఱసాల సంగతి మాత్రము చక్కగా నెఱిగినవాడు, ఆ కానిస్టేబులొక్కడే. నిండుకొలువులో నిలిచి, “అయ్యా, పెనుకొండ ఖైదీమీద మోపిన నేరమునకు సాక్ష్యమేమున్నది?” అని ఆతడడిగి యుండినచో రాయలవా రేమి చెప్పెడివారో!