బాలింతకి మంచినీళ్ళు

(మహిళా సంఘాల ఆరోగ్య శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



కాన్పు తర్వాత ఒళ్ళు మళ్ళీ మునుపటిలా కావటానికి ఏం చెయ్యాలి అనే విషయం మీద మాట్లాడమన్నారు. ఈ మాట వినగానే మనకి ముందు పొట్టే గుర్తొస్తుంది. గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? బిడ్డ పుట్టి వారం కాకుండానే చూడవచ్చినవాళ్ళు "ఇంకా పొట్ట అలాగే ఉందేమే?" అని అడుగుతారు. రాత్రి నిద్రపోయావా, దగ్గితే ఒంటేలు జారుతోందా అని అడిగేవాళ్ళు ఎంతమంది? ఒళ్ళు బాగుపడటమంటే నడుము కొలత తగ్గటమని మన చేత ఒప్పించేశారు. పొట్ట గురించీ చెప్తాను గానీ, ముందు నీళ్ళ సంగతి తేల్చుకుందాం.

మన ఇళ్ళలో చాలాచోట్ల బాలింతకి నీళ్ళు కొలిచి ఇస్తారు. కారప్పొడి, వెల్లుల్లి, పాత చింతకాయ పచ్చడి, ఒక్కపూట అన్నం, కాచి చల్లార్చిన నీళ్ళు గ్లాసుడు. మరో గ్లాసు అడిగితే పొట్ట జారుతుందంటారు, బిడ్డకి జలుబు చేస్తుందంటారు, కుట్లు చీము పడతాయంటారు. ఇవేవీ నిజం కాదు. కాన్పయిన వెంటనే గర్భసంచి బొడ్డు దాకా ఉంటుంది. రెండు వారాలకి కటిలోకి దిగిపోయి, ఆరు వారాలకి దాదాపు పాత సైజుకి వస్తుంది. పొట్ట ఎత్తుగా కనపడేది దానివల్లా, తొమ్మిది నెలలు సాగి పక్కలకి జరిగిన కండరాల వల్లా. తాగిన నీళ్ళు అక్కడ నిలవుండవు. నడికట్టు కడితే నడుముకి కాస్త ఆసరాగా ఉంటుందేమో గానీ, అది గర్భసంచిని తగ్గించదు.

తల్లిపాలలో నూటికి 87 పాళ్ళు నీళ్ళే. రోజుకి ముప్పావు లీటరు దాకా పాలిచ్చే మనిషికి గ్లాసులు లెక్కపెట్టి ఇస్తే ఏమవుతుంది? పాలు వెంటనే తగ్గిపోవు. ఒళ్ళు తల్లి వాటాలోంచి తీసి బిడ్డకిస్తుంది. తల్లికి మిగిలేవి ఎండిన నోరు, తలనొప్పి, మలబద్ధకం, మూత్రంలో మంట. కుట్లున్న మనిషి విరేచనానికి ముక్కవలసి వస్తే ఎంత బాధో అనుభవించినవాళ్ళకి తెలుసు. పాలిచ్చే గేదెకి తొట్టి నిండా కుడితి పోసే ఇంట్లోనే ఈ కొలత! బిడ్డకి పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు తాగండి, దాహమేస్తే ఇంకా తాగండి. మూత్రం లేత పసుపులో ఉంటే చాలినంత తాగుతున్నట్టే. బలవంతంగా లీటర్లు పొయ్యక్కర్లేదు. మజ్జిగ, పలచని జావ కూడా లెక్కలోకి వస్తాయి.

అయితే నీళ్ళు తాగాలని తెలిసినవాళ్ళు కూడా తాగరు. ఎందుకంటే పోవటానికి చోటు లేదు. పొద్దున పొలానికి వెళ్ళిన కూలి మనిషి, బట్టల షాపులో సాయంత్రం దాకా నిలబడే అమ్మాయి, బస్సులో రెండు గంటలు ప్రయాణం చేసే టీచరు - వీళ్ళంతా మరుగుదొడ్డికి భయపడి నోరు కట్టుకుంటారు. వీళ్ళకి సీసా చేతికిచ్చి ఆరోగ్య సూత్రాలు చెప్పటం నాకు వెటకారంలా అనిపిస్తుంది. పనిచేసే చోట తలుపూ నీళ్ళూ ఉన్న మరుగుదొడ్డి కావాలని అడగటం కూడా బాలింత ఆరోగ్యం గురించి అడగటమే.

ఇక తిండి. పల్లెలో పథ్యం పేరుతో కడుపు మాడుస్తారు, పట్నంలో డైటింగు పేరుతో మనమే మాడ్చుకుంటాం. జాతీయ పౌష్టికాహార సంస్థ మన హైదరాబాదులోనే ఉంది. 2020లో వచ్చిన లెక్కల ప్రకారం పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకి 600 కాలరీలు, తర్వాత ఆరు నెలలు 520 కాలరీలు అదనంగా కావాలి. అంటే ఇంకో పూట భోజనమన్నమాట. అసలు మనలో రక్తమెంతుంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అందుకే పప్పు, ఆకుకూర, గుడ్డు, చేప, రాగి సంకటి, వేరుశెనగ ఉండలు - ఇంట్లో ఎవరికి తగ్గినా బాలింతకి తగ్గకూడదు. ఐరన్ బిళ్ళలు కాన్పు తర్వాత కూడా 180 రోజులు వేసుకోవాలి. టీతో గానీ పాలతో గానీ కాదు, నిమ్మకాయ నీళ్ళతో వేసుకుంటే ఒంటికి పడతాయి. బరువు నెమ్మదిగా తగ్గుతుంది, తగ్గనివ్వండి.

ఈ తిండి ఎవరి దయా కాదు. 2013 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం గర్భిణికీ, కాన్పయ్యాక ఆరు నెలల దాకా తల్లికీ అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా భోజనం పెట్టాలి. 6,000 రూపాయలకి తగ్గకుండా ప్రసూతి సాయం ఇవ్వాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. 2017లో వచ్చిన మాతృ వందన పథకం మొదటి కాన్పుకి 5,000 అంది. మిగతా వెయ్యి ఏమైందని అడగవలసింది మనమే.

వ్యాయామం అనగానే "ఇంటెడు చాకిరీ చేస్తున్నాం, అది చాలదా?" అంటారు. చాలదు. పైగా నెల తిరక్కుండా బిందెలెత్తితే కటి కండరాలు ఇంకా సడలుతాయి. ఆ కండరాలని బిగించటం నేర్చుకోండి. ఒంటేలు ఆపుకునేటప్పుడు ఏ కండరాలని పైకి లాగుతామో వాటినే అయిదు సెకన్లు బిగించి వదలాలి. పదిసార్లు, రోజుకి మూడుమార్లు. మూత్రం పోసేటప్పుడు మాత్రం చెయ్యకూడదు. పడుకునీ, పాలిస్తూ కూడా చెయ్యొచ్చు. దగ్గితే ఒంటేలు జారటం సిగ్గుపడాల్సిన విషయం కాదు. చాలామందికి దీనితోనే తగ్గుతుంది, తగ్గకపోతే వైద్యముంది. గర్భసంచి జారిందని చెప్పి తీసేస్తామంటే మాత్రం ఇంకో డాక్టరుకి చూపించకుండా ఒప్పుకోకండి. ఈ ఆపరేషన్లు దేశంలో బాగా ఎక్కువగా జరిగేచోట్లలో మన తెలుగు రాష్ట్రాలున్నాయి.

సిజేరియన్ అయినవాళ్ళ సంగతి వేరే చెప్పాలి. అదే సర్వేలో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రాలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. అది పెద్ద ఆపరేషన్. డాక్టరు లేవమన్నప్పుడు లేచి నాలుగడుగులు వెయ్యాలి, అలా నడిస్తే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది. ఆరు వారాలు మాత్రం బిడ్డకన్నా బరువైనదేదీ ఎత్తకూడదు. జ్వరం, దుర్వాసన, ఎక్కువ రక్తస్రావం, పిక్క వాచి నొప్పి - వీటిలో ఏది వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.

రోజూ అరగంట నడవమంటే "బిడ్డనెవరు చూస్తారు?" అంటారు. తండ్రి చూస్తాడు. ఉద్యోగం చేసేవాళ్ళకి 2017 సవరణతో 26 వారాల సెలవు వచ్చింది. బిడ్డకి 15 నెలలు నిండేదాకా పనిలో రెండుసార్లు పాలివ్వటానికి విరామం హక్కు 1961 చట్టంలోనే ఉంది. 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ ఈ రెండూ ఉన్నాయి. కూలికెళ్ళే తల్లికి మాత్రం సెలవూ లేదు, విరామమూ లేదు. దాని గురించి మధ్యాహ్నం చర్చలో విడిగా మాట్లాడుకోవాలి.

ఇందాక టీ దగ్గర ఒకమ్మాయి "అత్తయ్య నీళ్ళు ఇవ్వనంటే ఏం చెయ్యనండీ?" అని అడిగింది. ప్రశ్నలు అక్కణ్ణించే మొదలుపెడదాం. వచ్చే నెల సమావేశానికి ఆ అత్తగారిని కూడా తీసుకురా అమ్మా. ఆవిడ బాలింతగా ఉన్నప్పుడు ఎన్ని గ్లాసులిచ్చారో అడుగుదాం.