చెట్ల లెక్కలో లేనివాళ్లు
(బిర్సా ముండా జయంతి సభలో చేసిన ప్రసంగం)



బిర్సా ముండా 150వ జయంతి రోజున తుపాను గురించి మాట్లాడుతుందేంటి అనుకోకండి. అక్టోబరు 28 రాత్రి మొంథా తీరం దాటింది. ఇంకా మూడు వారాలు కాలేదు. పి.గన్నవరం నుంచి వచ్చిన నాకు వేరే మాట నోటికి రావడం లేదు.

1996 నవంబరు 6 రాత్రిని కోనసీమలో ఎవరూ మర్చిపోరు. ఆ తుపానులో వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప నుంచి వేటకెళ్లిన ఎందరో తిరిగి రాలేదు. అప్పుడు నాకు పదిహేనేళ్లు. తెల్లారి బయటికొస్తే ఆకాశం పెద్దదైపోయినట్టు అనిపించింది. చెట్లు లేవు మరి!

మా నాన్నది కొబ్బరి దింపు పని. సొంత చెట్టు ఒక్కటీ లేదు. మొదటి రెండు నెలలు కూలి బాగానే దొరికింది, పడిన చెట్లు నరకాలి కదా. అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. నిలబడ్డ చెట్లకూ పిందె రాలిపోయింది. మొవ్వు విరిగిన కొబ్బరిచెట్టు మళ్లీ చిగురించదు. కొత్తగా పెట్టిన నాటు మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లు. రైతు నష్టపోయాడు, కాదనను. కానీ లెక్క రాసుకోవడానికి వచ్చినవాళ్లు చెట్టు ఎవరిదని అడిగారు, ఎక్కేది ఎవరని అడగలేదు. ఒలుపు కూలీలు, పీచు పనికెళ్లే ఆడవాళ్లు, ఈనెలతో చీపుర్లు కట్టే మన ఎరుకల, యానాది ఇళ్లు ఏ కాగితంలోకీ ఎక్కలేదు. మా అన్న ఆ ఏడే తొమ్మిదో తరగతి ఆపేశాడు. రెండు నెలలు పని చేసి వచ్చేస్తానన్నాడు.

ఈసారి ముందే హెచ్చరించారు, పునరావాస కేంద్రాలు తెరిచారు. ప్రాణాలు దక్కాయి. అది చిన్న విషయం కాదు. మా హాస్టల్ పిల్లల్నీ ముందే ఇళ్లకు పంపేశాం. బడి తెరిచాక మాత్రం ఇద్దరు రాలేదు.

ఒకమ్మాయి ఇల్లు కాలవగట్టు మీద. వెళ్తే తమ్ముణ్ణి ఎత్తుకుని ఎదురొచ్చింది. "అమ్మ మట్టలు మొయ్యడానికి వెళ్తోందండి మేడం. రెండు నెలలాగి వస్తానండి" అంది. ఆ రెండు నెలల మాట నాకు తెలుసు. వాళ్లమ్మ వచ్చేదాకా గట్టు మీదే కూర్చుని, మాట్లాడి, మర్నాడు పిల్లను తీసుకొచ్చాను.

మన సంఘాన్ని ఒకటే అడుగుతున్నాను. దింపు, ఒలుపు, పీచు పనిలో మనవాళ్లు ఎవరెవరు, తుపానుకు ముందు వారానికి ఎన్ని రోజులు పని ఉండేది, ఇప్పుడెన్ని, పిల్లలు ఏ తరగతి... ఇవన్నీ ఊరూరా రాద్దాం. చెట్ల లెక్కతో పాటు ఆ లెక్కా తహసీల్దారు గారికి ఇద్దాం. పుస్తకం తెచ్చాను. సభ అయ్యాక బయట బల్ల దగ్గర ఉంటాను. పి.గన్నవరం, అంబాజీపేట, మామిడికుదురు వాళ్లు ముందు రండి.

రెండో అమ్మాయి ఇంటికి తాళం వేసి ఉంది. ఆ కుటుంబం ఎటు వెళ్లిందో తెలిసినవాళ్లుంటే, దయచేసి నాకు చెప్పండి.